బావ తుపాకీకి నేను పెట్టిన పరీక్ష

మా బావ ముసునూరు దగ్గర తన మామిడి తోటలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం అయిన నాలుగో నెలలో, బావా అక్కా ఎవరి పెళ్లికో వెళ్లిన ఒక పట్టపగలు, ఎవరో వెనక తలుపు గొళ్లెం వంచి లోపలికి దూరి గ్యాసు బండ, బోరు మోటారు వైరు, అక్క కుట్టు మిషను పట్టుకుపోయారు. మర్నాడే అక్క నూజివీడులో మా ఇంటి మేడ మీద గదికి వచ్చేసింది.

"ఆ ఇంట్లో ఒక్కదాన్నే భయం లేకుండా ఉండగలనని నమ్మకం కుదిరిన రోజు వెళ్తాను. అప్పటిదాకా వెళ్లను" అంది.

బావ తోట వదలడు. అక్క మేడ దిగదు. అలా రెండు నెలలు గడిచాక ఒక ఆదివారం బావ ఫోన్లో వీడియో పట్టుకుని వచ్చాడు. వాళ్ల నాన్నగారి నుంచి బావ పేరుకు మారిన తుపాకీ లైసెన్సు ఉంది. దాని మీద ఉన్న పాత జంట గొట్టాల తుపాకీ ఇచ్చేసి, బుల్‌పప్ పంప్ షాట్‌గన్ అనే పొట్టి తుపాకీ కొంటాడట.

"బావమరిదీ, నువ్వు కొలిచి బాగుందని చెప్పు. మీ అక్క నా మాట నమ్మదు, నీ అంకెలు నమ్ముతుంది."

అది నిజమే. నేను పదో తరగతి దాటలేదు గానీ, ఇరవై రెండేళ్లుగా వేబ్రిడ్జి దగ్గర మామిడి లారీలు తూస్తున్నాను. కొలవకుండా దేన్నీ బాగుందనను. మా పెళ్లిచూపులప్పుడు కూడా వాళ్ల వీధి గుమ్మం ఎత్తు చూసి, మా బీరువా పడుతుందా అని ఆలోచించానని నా భార్య ఇప్పటికీ అంటుంది.

ఇద్దరం విజయవాడలో తుపాకులమ్మే షాపుకి వెళ్లాం. షాపాయన తూటాలు లేని తుపాకీ ఒకటి బల్ల మీద పెట్టాడు. నేను టేపు తీశాను.

"టేపుతో వచ్చినవాళ్లలో మీరే మొదలండీ" అన్నాడాయన.

మొత్తం పొడవు ముప్ఫై అంగుళాలు. గొట్టం ఇరవై. బరువు మూడు కిలోల ఆరువందలు. తూటాలు ఐదు పడతాయి. ట్రిగ్గరు ముందుకు, యంత్రమంతా దాని వెనక భుజానికి ఆనే భాగంలోకి జరిపారు కాబట్టి గొట్టం తగ్గకుండానే తుపాకీ పొట్టిదైంది. గొట్టం కింద ఉన్న పిడిని వెనక్కి లాగితే ఖాళీ తూటా బయటికి ఎగురుతుంది, ముందుకు తోస్తే కొత్తది ఎక్కుతుంది. బావ దాన్ని ఎత్తి, షాపులో అద్దం ఎక్కడుందా అని వెతికాడు.

"ఏ భుజానికి పెడతారండీ?" అని అడిగాడు షాపాయన.

"ఎడమ."

"ఇందులో ఖాళీ తూటా కుడి పక్కకి ఎగురుతుందండీ. ఎడమ భుజానికి పెడితే సరిగ్గా అక్కడ మీ చెంప ఉంటుంది."

"కుడి చేత్తో నేర్చుకుంటాలెండి."

"బావా, యాభై నాలుగేళ్లలో మీరు కుడి చేత్తో నేర్చుకుంది అన్నం తినడం ఒక్కటే" అన్నాను. బావ వినిపించుకోలేదు.

తుపాకీని ఇంటికి తెచ్చి చూడనివ్వరు కాబట్టి నేనే ఒకటి చేశాను. ముప్ఫై అంగుళాల పీవీసీ పైపు, మూడు కిలోల ఆరువందలు తూగేదాకా లోపల ఇసుక, పైన జరిగేలా ఒక సాకెట్టు, అది నాలుగు అంగుళాలకు మించి జరక్కుండా రెండు పక్కలా అడ్డు పట్టీలు. పాత తుపాకీకి బదులు నలభై ఆరు అంగుళాల ఇంకో పైపు. తర్వాతి ఆదివారం అక్కని బతిమాలి, సాయంత్రానికల్లా తిరిగి తీసుకొచ్చేస్తానని చెప్పి, తోట ఇంటికి తీసుకెళ్లాను.

పడగ్గది నుంచి వంటింటికి వెళ్లే సందు వెడల్పు మూడడుగుల రెండంగుళాలు. పొడుగు పైపుతో బావ పదిసార్లు తిరిగితే ఆరుసార్లు గోడకి తగిలింది, ఒకసారి నాకు తగిలింది. పొట్టి పైపు ఒక్కసారీ తగల్లేదు.

"రాసుకో, రాసుకో" అన్నాడు బావ.

రాసుకున్నాను. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"బాగానే ఉంది. ఈయన ఇంట్లో ఎన్ని గంటలుంటారో అది కూడా రాశావా?"

రాశాను. కాయ కోతల రోజుల్లో బావ పొద్దున్నే నూజివీడు మార్కెట్టుకి వెళ్తే చీకటి పడ్డాకే వస్తాడు. వెలుతురున్న పన్నెండు గంటల్లో ఇంట్లో ఉండేది ఒక గంట. దొంగలు వచ్చింది పగలు.

"లైసెన్సు ఆయనది. ఆయన లేనప్పుడు నేను ముట్టుకుంటే ముందు నన్నే పట్టుకెళ్తారు" అంది అక్క.

"నీ పేరు మీద కూడా పెట్టిద్దాం" అన్నాడు బావ.

"ముందు చెయ్యి తిరుగుతుందో లేదో చూద్దాం" అని పైపు అక్క చేతికిచ్చాను. "వెనక్కి గట్టిగా లాగు. అంతే గట్టిగా ముందుకి తోసెయ్యి."

లాగడం అదిరిపోయింది. తోయడం దగ్గర అక్క చెయ్యి మెత్తబడింది. సాకెట్టుని పసిపిల్లని దించినట్టు మెల్లగా ముందుకి తెచ్చి సగంలో ఆపింది. పదిసార్లకి ఏడుసార్లు అంతే. అసలు తుపాకీలో సగంలో ఆగితే తూటా ఎక్కదు. బావ ప్రయత్నిస్తే పదికి తొమ్మిది ఆగాయి. మంచినీళ్లు తెచ్చిన తోట కాపలావాడి భార్య కూడా ఒక చెయ్యి వేసింది. పదికి పది.

"అంత గట్టిగా తోస్తే కాయ జారిపోద్ది కదండీ" అందామె.

అప్పుడర్థమైంది. వీళ్లందరూ చిన్నప్పటి నుంచీ చివర చిక్కం కట్టిన గెడతో మామిడికాయలు కోస్తున్నవాళ్లు. గెడ ఒక్క గుంజు గుంజితే తొడిమ తెగుతుంది, ఆ తర్వాత కాయకి దెబ్బ తగలకుండా నెమ్మదిగా దించాలి. ముప్ఫై ఏళ్లు అలా దించిన చేతులు దొంగ ఎదుట నిలబడినా నెమ్మదిగానే దించుతాయి.

అక్క నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు విని రెండు నెలలైంది.

"నేర్చుకుంటే వస్తుందే" అన్నాడు బావ, పైపు వంక దిగులుగా చూస్తూ.

"వస్తుందండీ. కానీ దాని పని వాడు లోపలికొచ్చాక కదా మొదలయ్యేది. నాకు వాడు లోపలికే రాకూడదు." నా వైపు తిరిగింది. "తమ్ముడూ, నేను కేకేస్తే ఎంత దూరం వినపడుతుందో లెక్క కట్టు."

కాపలావాళ్ల రేకుల ఇల్లు తోట ఆ చివర, ఆరువందల ఇరవై అడుగుల దూరంలో ఉంది. కాపలావాడి భార్యని అక్కడి నుంచి ఇంటివైపు నడిచి రమ్మన్నాను, వినపడగానే చెయ్యెత్తమన్నాను. అక్క వంటింటి కిటికీ మూసి, దొంగ దొంగ అని అరవడానికి సిగ్గుపడి, "పాలు పొంగిపోతున్నాయి" అని అరిచింది. నాలుగుసార్లు కొలిచాను. రెండువందల నలభై అడుగులకి దగ్గరగా వస్తే గానీ ఆమె చెయ్యి లేవలేదు.

"అంటే అంత దూరంలో ఉంటూ వాళ్లు కాపలా కాసింది కాయల్ని. నన్ను కాదు" అంది అక్క.

బావ పైపు తీసి గోడకి ఆనించాడు. "నూటయాభై అడుగుల దగ్గర వాళ్లకి ఇల్లు వేయిస్తే వస్తావా?" అని అడిగాడు.

"వెనక తలుపుకి ఇనప గ్రిల్లు కూడా."

"మాకు కుళాయి కూడానండి" అంది కాపలావాడి భార్య. "నీళ్లు లేకపోతే ఎంత దగ్గరైనా మేం రాం."

ఇల్లు లేవడానికి ఐదు వారాలు పట్టింది. గ్రిల్లు కొలతలు నేనే ఇచ్చాను. షాపాయనకి బావే ఫోన్ చేసి వద్దని చెప్పాడు, చెప్పాక ఒక్కడే తోటలోకి వెళ్లి వచ్చాడు.

అక్క వెళ్లిన రోజు మేమూ వెంట వెళ్లాం. గ్రిల్లు తాళం రెండుసార్లు వేసి తీసింది. వంటింటి కిటికీ మూసి ఒక్క కేక పెట్టింది.

"ఏంటమ్మగారూ, మళ్లీ కొలుస్తున్నారా?" అని కాపలావాళ్ల కొత్త ఇంటి నుంచి వెంటనే వినిపించింది.

"లేదులే, నీ పని చూసుకో" అని చెప్పి, అక్క పడగ్గదిలోకి వెళ్లి చీరలు బీరువాలో సర్దడం మొదలుపెట్టింది.