జాకెట్టుకి ఒక్క కారు

ఇంట్లో వ్యాపారం చేసుకునేవాళ్ళ కోసం మా కౌన్సిల్, అంటే ఇక్కడి మున్సిపాలిటీ, రాసిన నియమాలు మొదటిసారి చదివినప్పుడు ఎగిరి గంతేశాను. బయట బోర్డు పెట్టకూడదు. వద్దులే, నాకెందుకు? పెద్ద శబ్దాలు రాకూడదు. నా కుట్టు మిషన్ మా ఆయన గురక కంటే ఎంతో నయం. ఒకసారికి ఒక్క కస్టమరే రావాలి, ఒక్క కారే ఆగాలి. ఓస్, ఇంతేనా అనుకున్నాను. ఆ చివరి నియమం రాసినవాళ్ళు మన ఆడవాళ్ళు జాకెట్టు కుట్టించుకోవడం జన్మలో చూసి ఉండరన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

జాకెట్టు ఒక్కరిదే కానీ వచ్చేది ఒక్కరు కాదు. ఈ పరాయి దేశంలో మేముండే క్లైడ్ నార్త్‌లో, మా ముందు గదిలో మిషన్ వేసుకున్న మొదటి నెలలోనే ఇది తెలిసొచ్చింది. వెనక మెడ ఎంత లోతుండాలో చెప్పడానికి చెల్లెలు వస్తుంది. అంత లోతు వద్దనడానికి అత్తగారు వస్తుంది. లైనింగ్ రంగు కుదిరిందో లేదో చూడటానికి స్నేహితురాలు, ఆమెని దింపడానికి వచ్చి, ఎలాగూ వచ్చాం కదా అని తన చీరకి ఫాల్ కుట్టమనే ఇంకొకావిడ. పదింటికి రమ్మన్నావిడ పదకొండున్నరకి వస్తుంది. పదకొండున్నరకి రమ్మన్నావిడ మాత్రం, ఏం పుణ్యమో, ఆ రోజే టైముకి వస్తుంది. నేనేమైనా తక్కువ తిన్నానా? అందరినీ కూర్చోబెట్టి టీ పెట్టేదాన్ని. టీ తాగినవాళ్ళు ఊరికే లేస్తారా?

అలా ఒక శనివారం నాలుగు కార్లు చేరాయి. ఒకటి రోడ్డు పక్క గడ్డి మీద, ఒకటి ఎదురింటావిడ డ్రైవ్‌వేకి అడ్డంగా. ఆవిడ పాపం చాలాసేపు హారన్ కొట్టిందట. లోపల మేము బోట్ నెక్కా, పాట్ నెక్కా అని తేల్చుకోలేక అరుచుకుంటున్నాం, మాకేం వినపడుతుంది? కొన్నాళ్ళకి కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. ఫిర్యాదు అందింది, ఫలానా శనివారం పదింటికి అధికారి వచ్చి చూస్తారు, నియమాలు పాటించడం లేదని తేలితే ఇంట్లో వ్యాపారం ఆపేయాలి.

ఎదురింటావిడ మీద కోపం రాలేదు, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. కోపమంతా నా మీదే. ఈ దేశం వచ్చాక గోడౌన్‌లో అట్టపెట్టెలకి స్టిక్కర్లు అంటించాను, సూపర్‌మార్కెట్‌లో అరలు సర్దాను. నాకు చేతనైన పని, పొద్దున్నే లేవగానే చెయ్యాలనిపించే పని ఇదొక్కటే. ఇది పోతే మళ్ళీ ఆ స్టిక్కర్ల దగ్గరికేనా అని రెండు రోజులు అన్నం సయించలేదు.

మా ఆయన తన ఆఫీసు తెలివంతా ఉపయోగించి, ఎవరైనా కనపడితే చుట్టాలని చెప్పెయ్యమన్నాడు. అసలెవరూ కనపడకుండా చేస్తానని నేను కస్టమర్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. ఈ శనివారం పదింటికి కౌన్సిల్ ఆఫీసర్ వస్తున్నారు, నా పని ఉంటుందో ఊడుతుందో తెలియదు, దయచేసి ఎవరూ రావద్దు. మనవాళ్ళని ఇలా రావద్దనడమంత తెలివితక్కువ పని నేను జీవితంలో ఇంకొకటి చెయ్యలేదు.

శనివారం తొమ్మిదిన్నరకి బెల్లు మోగింది. మొదటి నుంచీ నా దగ్గరే కుట్టించుకునే తెనాలి ఆంటీ, ఆవిడ కోడలు, డబ్బా నిండా పులిహోర. ఆ వెనకే ఇద్దరు, మళ్ళీ ముగ్గురు. కార్లన్నీ రెండు వీధుల అవతల పార్కు దగ్గర పెట్టి, పట్టుచీరల్లో వరసగా నడుచుకుంటూ వచ్చారు. కారు లేదు కాబట్టి రూలు తప్పలేదని వాళ్ళ ధీమా. పదింటికల్లా పదకొండు మంది తేలారు. వెళ్ళిపొమ్మని చేతులు పట్టుకున్నాను. ఎక్కడికెళ్తాం, బయటికెళ్తే ఎదురుపడతాం కదా అని నలుగురు గరాజ్‌లోకి, ముగ్గురు బట్టలుతికే లాండ్రీ గదిలోకి, మిగతావాళ్ళు పడగ్గదిలోకి దూరారు.

ఆఫీసర్ చిన్నపిల్ల, చేతిలో టాబ్లెట్. ఖాళీ రోడ్డు చూసి తల ఊపింది. గది చూసింది, మిషన్ చూసింది, ఉన్న ఒక్క కుర్చీనీ చూసింది. అంతా బాగుందనబోతోంది. అప్పుడు లాండ్రీలో ఎవరి నడుమో బటన్‌కి తగిలి వాషింగ్ మెషీన్ పాట మొదలుపెట్టింది. ఆ వెంటనే ఉగ్గబట్టిన నవ్వు. అది గరాజ్‌కి పాకింది, పడగ్గదికి పాకింది, చివరికి ఇల్లంతా నవ్వుతోంది. ఆఫీసర్ లాండ్రీ తలుపు తీస్తే లోపల నోళ్ళకి కొంగులు అడ్డం పెట్టుకుని ముగ్గురు. మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే బయటికొచ్చారు.

వీళ్ళంతా ఎవరని ఆ పిల్ల అడిగింది. చుట్టాలన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఆ మొహాలు చూస్తే అబద్ధం పెగల్లేదు. అందరూ నా కస్టమర్లే అని చెప్పేశాను. ఇక అయిపోయిందనుకున్నాను.

ఆఫీసర్ ముందు నిలబడ్డ తెనాలి ఆంటీ వైపు తిరిగి, ఇవాళ మీరేం కుట్టించుకోవడానికి వచ్చారని అడిగింది. ఆంటీ కోడలి వైపు చూసింది.

"ఇయ్యాల ఏం కుట్టించుకోడానికి రాలేదని చెప్పవే. ఈ పిల్లది ఒక్కతే ఆఫీసరు ముందు నిలబడుద్దని వచ్చామని చెప్పు."

కోడలు ఇంగ్లీషులో చెప్పింది. ఆఫీసర్ నా వైపు తిరిగి, ఇక మీదట ఒకరి తర్వాత ఒకరే రావాలని, మధ్యలో అరగంట వదలాలని, గడ్డి మీద కారు కనపడితే మాత్రం ఊరుకోనని గట్టిగా చెప్పింది. అన్నిటికీ తలూపాను. పని ఆపక్కర్లేదంది. అప్పుడు టాబ్లెట్ నాకు కనపడేలా పట్టుకుని, తనిఖీ సమయంలో ఇంట్లో ఉన్న కస్టమర్లు ఎంతమంది అన్న గడిలో సున్నా కొట్టింది. ఆ సున్నాని చూసి, పదకొండు మంది ముందు, సిగ్గు లేకుండా ఏడ్చేశాను.