ప్రతినాయకుడికి బహువచనం

టీచరమ్మ పోయారన్న కబురు మా ఆదివారం తెలుగు క్లాసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దానికి సరిగ్గా పైన, ఆ వారం సమోసాలు ఎవరు తేవాలో చెప్పే రోటా ఉంది. వంతు ఆవిడదే.

లండన్ శివారు క్రోయిడన్‌లో ట్రామ్ స్టాప్ పక్కన ఒక చర్చి హాలుంది. ఆవిడ వారమంతా జీపీ సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టర్ల క్లినిక్కులో, రిసెప్షన్ చూసుకుని, ఆదివారం ఆ హాల్లో మన పిల్లలకి తెలుగు చెప్పేవారు. డస్టర్ ఏనాడూ దొరికేది కాదు. కార్డిగన్ చేత్తోనే బోర్డు తుడిచేవారు, ఆ చెయ్యి ఎప్పుడూ నీలంగా ఉండేది. నేను మనవరాలిని దింపడానికి వెళ్లి, చలికి బయట నిలబడలేక వెనక బెంచీలో చేరినవాణ్ణి. మనవరాలు మానేసింది, నేను మానలేదు. తెనాలిలో పాత పుస్తకాల కొట్ల ముందు నిలబడి చదివిన చదువు నాది. కూర్చుని చదువుకోవడం ఎలా ఉంటుందో ఈ వయసులో తెలిసింది.

క్లాసులో పదమూడేళ్ల పిల్ల ఒకతి ఉండేది. తెలుగంతా అర్థమయ్యేది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. వాళ్ల నాన్న చెప్పాపెట్టకుండా ఇల్లు వదిలి షెఫీల్డ్ వెళ్లిపోయారు. ఎందుకో ఎవరికీ తెలియదు గానీ, టీ బల్ల దగ్గర అందరికీ తెలిసినట్టే ఉండేది. "వాడికేం, హాయిగా ఉన్నాడు" అనుకునేవారు, ఆ పిల్ల పక్కనే బిస్కెట్ తీసుకుంటుండగానే.

ఒక ఆదివారం టీచరమ్మ, ఇంట్లో చదువుతున్న కథ తెలుగులో చెప్పమన్నారు. ఆ పిల్ల ఒక నవల తెచ్చింది. జపాన్ వాళ్ల బొమ్మల కథల్ని మాంగా అంటారు. అవి బాగా అమ్ముడైతే, అందులోని దుర్మార్గుడి వైపు నుంచి విడిగా ఒక నవల రాయిస్తారట. ఇతగాడు మంచు మాంత్రికుడు. బొమ్మల కథలో ఒక ఊరినే గడ్డకట్టిస్తాడు. అంతకు ముందు అతనికేం జరిగిందో నవలలో ఉంటుంది.

పిల్లలు ఇదేదో కొత్త సంగతి అనుకున్నారు. మా తెనాలి పద్యనాటకాల్లో మంచి పద్యాలన్నీ ప్రతినాయకుడివే, వన్స్ మోర్లూ ఆయనవే. ఒకసారి ఆ వన్స్ మోర్లు ఎక్కువై నాయకుడు తెర వెనకాల నిద్రపోయాడు. చంపడానికి లేపుకుని రావలసి వచ్చింది. సరే, క్లాసులోకి వద్దాం.

ఆ పిల్ల లేచి, "ఆ మాంత్రికుడు చిన్నప్పుడు..." అని ఆగిపోయింది. "టీచర్, వాడా, అతనా, ఆయనా? ఇంగ్లీష్‌లో జస్ట్ హీ. ఈజీ."

"విలన్ కదా. వాడు" అంది పక్క పిల్ల.

"పుస్తకం ఎంతవరకు చదివావమ్మా?" అన్నారు టీచరమ్మ.

"హాఫ్."

"కథ సగంలో ఎవర్నీ ఏకవచనం చెయ్యకు. ఆయన అను. చివరికొచ్చాక నీ ఇష్టం."

నేను ఊరుకోలేక, "ఊరిని గడ్డకట్టించినాయనకి గారు కూడా తగిలిద్దామా అమ్మా?" అన్నాను.

"మీరు టీ తాగండి బాబాయిగారూ. ఆయన చేసింది తప్పే. తప్పని చెప్పడానికి క్రియ ఉందిగా, మధ్యలో సర్వనామాన్ని పాడుచెయ్యడం దేనికి?"

ఆ రోజు హాలుకు తాళం వేస్తూ అసలు సంగతి చెప్పారు. "ఆ పిల్లకి తెలుగు రాక కాదండీ. ఇంగ్లీషులో అయితే వాళ్ల నాన్న గురించి ఏదీ తేల్చుకోనక్కర్లేదు. మన భాషలో నోరు తెరిస్తే తేలిపోవాల్సిందే. ఏ వచనమైనా సరే, దాని నోట నాన్న గురించి ఒక్క తెలుగు వాక్యం వింటే నాకు చాలు."

ఆ తర్వాత వారం వారం ఆ పిల్ల తడుముకుంటూ చెప్పుకొచ్చింది. "ఆయన అమ్మ చనిపోయారు. ఆయన ఎవరికీ చెప్పలేదు." టీచరమ్మ తప్పులు దిద్దేవారు కారు, తల మాత్రం ఊపేవారు. నాన్న మాట వస్తే పిల్ల మళ్లీ ఇంగ్లీషులోకి జారుకునేది.

చివరి అధ్యాయం మిగిలి ఉండగా టీచరమ్మ సర్జరీలోనే కుప్పకూలారు. పక్క గదుల్లో అంతమంది డాక్టర్లుండి కూడా నిలపలేకపోయారు.

దహనం జరిగే క్రిమటోరియంలో మాకిచ్చింది అరగంట. అందరం కూర్చున్నాక ఒకాయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. మా ముందు వరసలో ఒకావిడ ఆ పిల్ల వైపు వంగి, "వాడెందుకొచ్చాడే ఇక్కడికి?" అంది.

పిల్ల టీచరమ్మ ఉన్న పెట్టె వైపు చూసింది.

"నేనే రమ్మన్నాను ఆంటీ. మా నాన్న పొద్దున్నే బయల్దేరి వచ్చారు. ఆయన ఇంకా ఏమీ తినలేదు."

నెమ్మదిగానే అంది. నా దాకా వినిపించింది. వినవలసిన మనిషికి మాత్రం ఒక వారం ఆలస్యమైంది.

పిల్ల పక్క కుర్చీలో అందరి కోట్లూ పోగేసి ఉన్నాయి. ఆవిడ తన కోటు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ పక్కావిడా తీసుకుంది. కుర్చీ ఖాళీ అయింది. ఆయన మాత్రం తలుపు దగ్గరే నిలబడిపోయారు. చేతిలోని గొడుగు నుంచి నీళ్లు కారి, కార్పెట్ మీద మరక అంతకంతకూ పెద్దదవుతోంది.