ఖాతూన్‌బీ మాచిపత్రి మడి

పెనుకొండ బస్టాండు పక్కన పూలు కట్టే ఖాతూన్‌బీని నేను మొదటిసారి చూసింది డెబ్బయ్యెనిమిదిలో. ధర్మవరం బస్సు తప్పిపోయి రెండు గంటలు ఆమె గంప ఎదుట కూర్చున్నాను. కనకాంబరాలు, మల్లెలు, నడుమ వాసనకూ పచ్చదనానికీ మాచిపత్రి. అరటినార మీద ఆ వేళ్ల పరుగు చూస్తూ నేను చెప్పబోయిన మాట మరిచిపోయాను.

మాచిపత్రి చామంతి జాతిది. ఆ జాతి గమ్మత్తయింది. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక ఊరు, లోపల వందల పూలు కాపురముంటాయి. పొద్దుతిరుగుడు, గుంటగలగర, గడ్డిచామంతి అందరూ ఆ ఇంటివాళ్లే. చేలల్లో కలుపుగా లేచే వయ్యారిభామ కూడా. దిగుమతి గోధుమల్లో కలిసి వచ్చిందంటారు. నేను నడిచిన రైలుకట్టలన్నిటి వెంటా అది నాకంటే ముందే చేరి ఉండేది.

ఎనభై మూడు తర్వాత వానలు సరిగా పడలేదు. హిందూపురం మార్కెట్టుకు మాచిపత్రి రావడం తగ్గింది. ఇంటి వెనక ఖాతూన్‌బీ పెంచుకున్న మడీ ఎండిపోయింది. గట్టు మీద ఒక రకం మొక్కలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. మాచిపత్రి లాంటి ఆకే, పైన నూకల్లా తెల్లని పూలు. వాసన లేదు. రెండు మరువం రెమ్మలు జతచేసి దండలో ఇమిడ్చింది. ఎవరూ కనుక్కోలేదు. ఇక ఆ మొక్కల్నే పీకి తెచ్చి మడిలో వరసగా నాటింది, స్నానం నీళ్లు మళ్లించింది. వయ్యారిభామకు పాదులు తీసి నీళ్లు పోసిన మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను. మిగిలిన కట్టలు పక్క గంప ఉలిగమ్మకిచ్చేది. "సీమ మాచిపత్రి" అని తనే పేరు పెట్టింది.

రెండేళ్లకు చేతులు పగిలాయి. మోచేతుల దాకా చర్మం నల్లబడి గరుకెక్కింది, కనురెప్పలు వాచాయి. పెద్దరోగమన్న మాట బస్టాండంతా తిరిగింది. దండలు గంపలోనే వాడిపోసాగాయి.

హిందూపురంలో చర్మరోగాల డాక్టరు కుష్టు కాదన్నాడు. గంపలోని ఆకు చూపించమని అడిగి, చూశాక అదే కారణమనీ మళ్లీ ముట్టుకోవద్దనీ చెప్పాడు. తిరుగు బస్సులో నా పక్కనే కూర్చుంది.

"పెద్దరోగం కాదంటప్పా. అల్లా కాపాడినాడు."

"అయితే అందరికీ చెప్పు."

"ఏమని చెప్పేది? రోగం కాదు, ఈ ఆకంటే, మా దేవుని మెడలో కలుపుమొక్క ఏస్తివా అంటారు. రోగమంటే అయ్యో అంటారు, ఇదంటే ఉమ్ముతారు. ఇన్ని పుస్తకాలు సదివినావు కదా, ఇంకో దావ ఏమన్నా ఉంటే చెప్పు."

మడి పీకేసి, చేతులు మానేదాకా నోరు మూసుకుంటానంది.

మర్నాడు పొద్దున నేను టీ తాగుతూ చూస్తున్నాను. ఉలిగమ్మ ముంజేయి గోక్కుంటోంది.

"ఏమ్మే, ఏందట్లా గోకుతాండావు?" అంది ఖాతూన్‌బీ.

"నీ రోగం నాకంటించినావేమోక్కా!" అని ఉలిగమ్మ నవ్వింది. ఆ మాట ఖాతూన్‌బీ మొహం మీద సరదాకి అనగలిగింది బస్టాండులో ఉలిగమ్మ ఒక్కతే.

ఖాతూన్‌బీ ఆ చెయ్యి పట్టుకుని చూసింది. తనకు మొదట లేచిన చోటే, అలాంటి పొక్కులే. ఉలిగమ్మ గంపలోని కట్ట లాగి రోడ్డు మీదికి విసిరేసింది.

"ఈ ఆకు ముట్టొద్దు. నా చేతులు దీనివల్లే ఇట్లయినాయి. ఇది మాచిపత్రి కాదే, ఉత్త కలుపు."

ఉలిగమ్మ నవ్వు ఆగిపోయింది. "ఎప్పుడు తెలిసె నీకు?"

"నిన్న."

"నిన్న తెలిస్తే, ఈ పొద్దు నేను గోక్కున్న్యాక చెప్తాండావా?"



మధ్యాహ్నానికి అందరికీ తెలిసింది. దేవుళ్లకు కలుపు కట్టిందన్నారు. పోనీ కుష్టన్న మాటైనా పోయిందా అంటే అదీ పోలేదు. జనం రెండూ నమ్మారు. వారం తిరక్కుండా ఆమె గంప ఎత్తేసింది.

ఎనభై ఏడులో కనగానపల్లి దారిలో, వేరుశనగ చేనులో కూలికి కలుపు తీస్తూ కనిపించింది. చేతులకు గోనెపట్ట చుట్టుకుంది. సాళ్ల మధ్య వయ్యారిభామ మోకాలెత్తు ఉంది.

"ఉలిగి చేతులు ఎట్లుండాయప్పా?"

"బాగైపోయాయి. దండలు కడుతోంది."

"నా అంత బిర్రుగా కట్టలేదులే," అని మళ్లీ సాలులోకి వంగింది.