జేజి నర్సమ్మ దగ్గరికి వెళ్లిన రోజు

మా ఊరికి సర్కారు ఆసుపత్రి వచ్చింది నా చిన్నప్పుడే. ఆసుపత్రి అంటే చర్చి వాళ్లు ఇచ్చిన ఒక్క గది, ఒక బల్ల, కడప వైపు నుంచి వచ్చిన ఒక నర్సమ్మ. డాక్టరు ఆత్మకూరు నుంచి వారానికోసారి రావాలి. జీపు చెడిపోతే అదీ లేదు. మందులు ఇదిగో వస్తాయి, అదిగో వస్తాయి అంటూనే నెలలు గడిచాయి. నర్సమ్మ ఎండలో ఇల్లిల్లూ తిరిగేది. సూది వేస్తే జ్వరం వస్తుందని జనం పిల్లల్ని లోపల దాచి తలుపులు వేసుకునేవాళ్లు.

అందరికంటే గట్టిగా వద్దన్నది మా జేజి, మా నాయన తల్లి. ఊళ్లో సగం మందికి ఆమే పురుడు పోసింది. 'పెండ్లి కూడా కాని పిల్ల కాన్పులు చేస్తాదంట' అని నవ్వేది. అది నర్సమ్మ చెవిన పడకపోలేదు. అయినా ఎదురైతే 'బాగుండావా అవ్వా' అని పలకరించేది. జేజి మొహం తిప్పుకునేది.

ఆ ఎండాకాలం మా మేనత్త కాన్పుకు పుట్టింటికి వచ్చింది. తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి, మధ్యాహ్నమైనా బిడ్డ బయటపడలేదు. జేజి గదిలోంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె భయపడటం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. కబురు పెట్టడానికి ఎవరినీ పంపలేదు. నా చెయ్యి పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా, తానే చర్చి గది దాకా నడిచింది.

'బిడ్డ అడ్డం తిరిగింది తల్లీ. నా చేత కాలేదు. నువ్వొచ్చి చూడు' అంది.

నర్సమ్మ ఒక్క మాట దెప్పలేదు. సంచి తీసుకుని మాకంటే ముందు నడిచింది. అత్తను చూసి బయటికి వచ్చి, వాకిట్లో గుమిగూడిన వాళ్లందరికీ వినపడేలా చెప్పింది. 'అవ్వ చెప్పిందే నిజం. ఇది ఈడ అయ్యే పని కాదు, ఆత్మకూరుకు పోవాల. బండి కట్టండి. అవ్వ టయానికి చెప్పింది కాబట్టి ఆశ ఉండాది.'

బండిలో అత్తకు ఒకవైపు జేజి, ఇంకోవైపు నర్సమ్మ కూర్చున్నారు. పది రోజులకు అత్త కూతుర్ని ఎత్తుకుని తిరిగొచ్చింది.

ఆ తర్వాత కాన్పులకు ఇద్దరూ కలిసే వెళ్లేవాళ్లు. సూదులు వేసే రోజున జేజి చర్చి గది ముందు కూర్చుని తల్లుల్ని పేరు పెట్టి పిలిచేది. కొన్నేళ్లకు నర్సమ్మకు బదిలీ అయింది. జేజి పోయినప్పుడు కబురు పెడదామంటే ఆమె ఎక్కడుందో ఊళ్లో ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు ఊళ్లో పెద్ద ఆసుపత్రే ఉంది. బీపీ మాత్రల కోసం వెళ్తుంటాను. పాపం, బాగానే చూస్తారు. అయినా నా కళ్లు ఆ ఇద్దరి కోసం వెతుకుతాయి.

ముప్పయ్యేళ్లు బడిలో పంతులమ్మగా చేశాను. పిల్లలు అడిగింది తెలియకపోతే తెలియదనే చెప్పాను, కనుక్కుని మర్నాడు వివరించాను. అందులో నాకు ఏనాడూ చిన్నతనం అనిపించలేదు. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆ ఇద్దరికీ ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.