రోహిణిని తెల్లగా చేశాను

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి అక్షరాలు రాకపోవడమే కారణమని చెప్పుకోవచ్చు. కానీ అవి వచ్చి రెండేళ్లయింది. మా అక్కకు ఉత్తరాలు కూడా రాశాను. ఇది రాయబోతే మాత్రం ఒక పిల్ల రబ్బరుతో రుద్దిన కాగితం గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయేది.

గిద్దలూరులో మాకు ఫోటో స్టూడియో ఉంది. మా ఆయన పెళ్లిళ్లకు పోతే కంప్యూటరు ముందు నేను కూర్చునేదాన్ని. చదవడం రాకపోయినా ఏ వరసలో ఎన్నోది నొక్కితే ఏమవుతుందో గుర్తుపెట్టుకున్నాను. మచ్చలు తీయడం, మసక పోగొట్టడం, మొహాలు తెల్లబరచడం. "అక్కా, ఇంకొంచెం కలర్ తెప్పించు" అనని వాళ్లు లేరు. "ఇంకా తెప్పిస్తే మీ పాపను మీరే గుర్తుపట్టలేరు వదినా" అని నవ్వుతూనే తెప్పించేదాన్ని. నాకు చదువు రాదని బజారులో ఎవరికీ తెలియదు. అదే నా గొప్ప.

ఒక సాయంత్రం ఆడపిల్లల బడి సైన్సు టీచరు పెన్‌డ్రైవు, మడిచిన చీటీ తెచ్చింది.

"చుక్కల గుంపు ఫోటో అక్కా. ఎట్ల వేయాలో అంతా చీటీలో రాసినా. రేపు నేరుగా బడికే తీసుకురా. నా మార్కాపురం బస్సు పోతాది."

చీటీ విప్పి, పైనుంచి కిందికి కళ్లు తిప్పి, తల ఊపాను. "సరే మేడం."

ఫోటో తెరిస్తే ఒక్క చుక్కా సూదిమొనలా లేదు. అన్నీ చిన్న బిళ్లల్లా మసకగా ఉన్నాయి. కొన్ని నీలిచాయవి, కొన్ని పసుపు, పెద్దదొకటి నిప్పు రంగు. పాపం, కెమెరా పట్టడం రాదు కాబోలు అనుకున్నాను. ఒక్కొక్క బిళ్లనూ కుదించి పదును చేశాను. అన్నిటినీ పాలరంగుకు తెచ్చాను. ఆ నిప్పు రంగుదానికే ఎక్కువసేపు పట్టింది. పెద్ద ప్రింటు తీసి నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు బడిలో ప్రదర్శన. పిల్లలు అంతకుముందే రాత్రిపూట బైనాక్యులర్‌తో చూసి, ఏ చుక్క ఏ రంగో నోటు పుస్తకాల్లో రాసుకున్నారట. నేను తెచ్చిన ప్రింటును గోడకు అంటించారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వచ్చినవాళ్లకు చెప్పడం మొదలుపెట్టింది.

"ఇది రోహిణి. నిప్పు రంగులో ఉంటాది. ఎర్రగా ఉండే చుక్కకు వేడి తక్కువ."

"ఏందమ్మా, తెల్లంగ కనపడతా ఉంటే నిప్పంటావు?" అన్నాడు ఎవరి తండ్రో. "ముందు కళ్లద్దాలు పెట్టించుకో."

అందరూ నవ్వారు.

"నేను చూసినా మామా, ఎర్రగానే ఉండింది" అంది. రెండోసారి అనబోయి ఆగిపోయింది. రబ్బరు తీసుకుని పుస్తకంలో రుద్దింది. నాకు చదవడం రాకపోయినా ఏ మాట రుద్దిందో తెలిసింది.

టీచరు నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "అక్కా, చీటీ చదివినావు గదా? పదునుగా తీస్తే చుక్క నడుమ తెల్లబడి రంగు పోతాది. అందుకే కావాలని లెన్సు జరిపి మసకగా తీసినా."

"చదివినా మేడం. ప్రింటరే ఏదో చేసింది."

ఆమె నమ్మింది. "పోనీలే అక్కా, నేనే సరిగా తీయలేదేమో" అంది. పుస్తకం మూసుకుని నిలబడిన ఆ పిల్లా ఆ మాట విన్నది. నేను నెపాన్ని ప్రింటరు మీదే ఉంచి ఇంటికొచ్చేశాను.

మరుసటి రోజు పొద్దున్నే స్టూడియో తెరిచి, పెన్‌డ్రైవులోని అసలు ఫోటోలో ఏదీ ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు ప్రింటు తీశాను. ప్రార్థన గంటకు ముందే బడికి పోయి, టీచరు ఎదుటే ఆ పిల్లకు ఇచ్చాను. తర్వాత టీచరు రాసిన చీటీ కూడా ఆ పిల్ల చేతిలోనే పెట్టాను.

"గట్టిగా చదువు పాపా. నాకు చదవడం రాదు. అందుకే నీ చుక్కను తెల్లగా చేసినా."

ఆ పిల్ల టీచరు వైపు చూసి, చదివింది. "మసక సరిచేయవద్దు. ఏ చుక్క రంగూ మార్చవద్దు."

ఒక్కో మాట మీద వేలు పెట్టి ఇంకొకసారి చదవమన్నాను.