పెనం మీద చుక్క

ప్రభుదాసు ముప్పై ఏళ్ళు రైల్వే డీజిల్ షెడ్డులో ఇంజన్ ఆయిలు పరీక్షించే గదిలో పనిచేశాడు. రిటైరై గిద్దలూరులో ఇల్లు కట్టుకున్నాడు. ఇంట్లో చేరిన మరుసటి ఏడే భార్య జ్ఞానమ్మ పోయింది. ఇప్పుడు ఆ తలుపు తట్టేవాళ్ళు చాలా తక్కువ. తట్టినవాళ్ళ చేతిలో సీసా ఉంటుంది. సీసాలో పాత ట్రాక్టరు ఆయిలు ఉంటుంది.

షెడ్డులో యంత్రాలుండేవి. ఇక్కడ వంటింటి పెనం ఉంది. కాలిన పెనం మీద ఆయిలు చుక్క వేస్తాడు. చిటపటమంటే అందులో నీళ్ళున్నట్టు. ఇంకో చుక్క అద్దుడు కాగితం మీద వేస్తాడు. నడుమ నల్లగా నిలిచిపోతే మసి ఎక్కువైనట్టు. కాగితం ఆరేదాకా వచ్చినవాళ్ళు కూర్చుంటారు. ఆయనకు ఇష్టమైనది ఆ కాసేపే.

ఆ మంగళవారం రాచర్ల నుంచి గురవయ్య వచ్చాడు.

"ట్రాక్టరు గొర్రు లాగలేకపోతాంది సారూ. ఒకటే పొగ."

"పొగ ఏం రంగు?"

"పొగకు రంగేంది సారూ? పొగరంగే."

పెనం మీద చుక్క చిటపటలాడింది. ప్రభుదాసు పొయ్యి ఆర్పాడు.

"ఆయిల్లోకి నీళ్ళు దిగినాయి గురవయ్యన్నా. ఇంజను పైనుండే హెడ్డు పగిలినట్టుంది."

గురవయ్య లేచి నిలబడ్డాడు. "మళ్ళా హెడ్డు విప్పే ఓపిక నాకు లేదు. మార్కాపురం బేరగాడు శనివారం వస్తానన్నాడు. పాత ఇనుము కింద ఇచ్చేస్తా."

"ఉండన్నా, కాగితం ఆరలేదు."

"ఆరితే మాత్రం ఏముందిలే సారూ."

ఆయన వెళ్ళిపోయాక కాగితం తీరిగ్గా ఆరింది. నడుమ చుక్క నల్లగా నిలిచింది. ప్రభుదాసు దాన్ని చాలాసేపు చూశాడు. షెడ్డులో ఒక్క సీసా చూసి ఏ ఇంజన్నూ పక్కన పెట్టేవాళ్ళు కాదు. మళ్ళీ తెప్పించి చూసేవాళ్ళు. గురవయ్య లేచినప్పుడే ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ అనలేకపోయాడు. మళ్ళీ రమ్మంటే, తోడు లేక రమ్మన్నట్టుంటుందనిపించింది.

శుక్రవారం ఆటో ఎక్కి తనే రాచర్ల పోయాడు.

"ఇంకోసారి చూస్తా," అన్నాడు గురవయ్యతో.

ఆయిలు పట్టడానికి గురవయ్య భార్య కృష్ణవేణమ్మ ఖాళీ సీసా కడిగి తెచ్చి ఇచ్చింది. సీసా తళతళలాడుతోంది. లోపల అడుగున నీళ్ళు కదిలాయి.

"పోయినసారి కూడా ఇట్లనే కడిగినావా అమ్మా?"

"కడక్కుండా ఎట్ల సారూ? ఒకరింటికి మురికి సీసా పంపిస్తామా?"

ప్రభుదాసు సీసా పక్కన పెట్టాడు. పెనం కావాలన్నాడు.

"రేపు ఆ పెనం మీద రొట్టె నువ్వు కాల్చి తింటావా సారూ?" అని కృష్ణవేణమ్మ పాత పార తెచ్చి పొయ్యి మీద పెట్టింది.

ట్రాక్టరు కాసేపు నడిపించి ఆపారు. ఆయిలు మట్టం చూసే కడ్డీని ప్రభుదాసు తన చేత్తోనే లాగాడు. కాలిన పార మీద దాని కొన నుంచి చుక్క జారింది. ముగ్గురూ వంగి విన్నారు. చుక్క పల్చగా పాకి పొగలు కక్కింది. చప్పుడు లేదు.

"నీళ్ళు సీసావి. ఇంజనువి కావు."

గురవయ్య భార్య వైపు చూశాడు. "నీ శుభ్రానికి ట్రాక్టరు తూకానికి పోయేదే!"

"మురికిగా పంపితే నన్ను కాదూ అనేది?" అందామె.

కాగితం మీద నిలిచిన మసి గుర్తొచ్చి ప్రభుదాసు గాలి ఫిల్టరు విప్పించి చూశాడు. లోపల దుమ్ము అట్టకట్టి ఉంది. గాలి అందక డీజిల్ సగం మసైపోతోంది. దాన్ని శుభ్రం చేసి బిగించాక ఇంజను బరువు దిగినట్టు పలికింది. పొగ పల్చబడింది. గురవయ్య బేరగాడికి ఫోను చేసి రావద్దన్నాడు. నేలలో పదును ఉండగానే కంది విత్తాలని గొర్రు తగిలించాడు.

"నెల పోయినాక ఇంకో సీసా తీసుకురా అన్నా," అన్నాడు ప్రభుదాసు.

"బాగైంది గదా సారూ, ఇంకెందుకు?"

"బాగున్నప్పటి ఆయిలు ఎట్లుంటాదో తెలిసుండాల."

"చూద్దాంలే సారూ," అని గురవయ్య ట్రాక్టరు ముందుకు దూకించాడు.

కృష్ణవేణమ్మ విత్తనాల గంప నెత్తికెత్తుకుని వెనకే నడిచింది. ప్రభుదాసు ఆటోలు ఆగే చోటికి వచ్చి నిలబడ్డాడు. అవతల చేలో ఇంజను సమంగా మోగుతోంది. ఒక ఆటో ఆగింది. ఆయన ఆ చప్పుడే వింటూ చెయ్యి అడ్డంగా ఊపి పొమ్మన్నాడు.