ఘాటెక్కని బొమ్మరైలు

ఆ బొమ్మరైలు నా చేత మూడు చెరువుల నీళ్ళు తాగించింది. పాతూరులో ఓడల సామాను అమ్మే సాయిబు కొట్లో ముచ్చటపడి కొన్నాను. గోపాలపట్నంలో మా ముందుగదిలో చెక్కబల్ల మీద పట్టాలు బిగించి, అట్టముక్కలతో కొండెక్కే దారిలా చిన్న ఘాటు కూడా కట్టాను. పట్టాల్లోంచి చక్రాలకు, చక్రాల్లోంచి మోటారుకు కరెంటు అందాలి. అందితే కదా! చదునులో బుద్ధిగా వచ్చేది. ఘాటు దగ్గర ఆగేది, గింజుకునేది, ఉన్నట్టుండి ఎవరో తరిమినట్టు దూకేది.

మావయ్య లేకపోతే ఏనాడో అటక మీద పారేసేవాణ్ణి. మావయ్యంటే మా ఆవిడ తండ్రి, అరకు ఘాటులో రైళ్ళు నడిపిన డ్రైవరు. రిటైరై మా ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకోవడమే తప్ప మాటా పలుకూ లేదు. ఈ బొమ్మ మొదటిసారి కదిలిన రోజున మాత్రం మంచం దిగి, బల్ల పక్కన కుర్చీ వేసుకున్నారు.

"నాన్న లేసి కూకున్నాడు. ఆ బండి ఆగిపోకుండా సూడండి," అంది మా ఆవిడ.

ఇక చూడండి నా పాట్లు. సముద్రపు గాలికి పట్టాలు చిలుము పట్టాయనుకుని కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. తుడిచిన పూట బాగానే నడిచేది, మర్నాటికి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. అతుకులకు టంకం వేశాను. ట్రాన్స్‌ఫార్మరు మార్చాను. ఇంజిను విప్పితే పళ్ళచక్రాల్లో కరకర. అవి స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు, వీధంతా లారీల దుమ్ము. తలుపు వేసుకోవచ్చు కదా అని మా ఆవిడ మీద ఎగిరాను.

"దుమ్ము నాను పోసేనేటి? నా టీ జల్లెడ కనపడక నానేడుత్తంటే," అంది.

ఒకరోజు ఆఫీసు నుంచి పెందలాడే వచ్చాను. మావయ్య బల్ల మీదికి వంగి, అగ్గిపెట్టెలోంచి చిటికెడు చిటికెడు ఇసుక తీసి ఘాటు పట్టాల మీద చల్లుతున్నారు. మెత్తటి పొడి ఇసుక. పక్కన టీ జల్లెడ.

"ఏటి సేత్తన్నారు మావయ్యా?"

"ఎత్తు కదా బాబూ, సక్రం జారతాది. ఇసక లేకుండా ఘాటెలాగెక్కుతాది?"

పెద్ద రైళ్ళకు అంతే, పట్టు కోసం ఇంజిన్లోంచి ఇసుక వదులుతారు. ఈ బొమ్మకు ఇసుక అడ్డం పడితే కరెంటే అందదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్నాళ్ళూ నా పేణం తీసింది మీరా? ఇది బొమ్మండీ. ఇంక ముట్టుకోకండి," అనేశాను.

ఆయన అగ్గిపెట్టె జేబులో వేసుకుని మంచమెక్కారు.

అన్నీ విప్పి శుభ్రం చేశాను. రైలు ఎక్కడా తడబడకుండా గుండ్రంగా తిరిగింది, ఘాటెక్కింది, దిగింది. చూసేవాళ్ళే లేరు. మావయ్య మళ్ళీ గోడవైపు తిరిగారు, అన్నానికి పిలిచినా లేవలేదు. మా ఆవిడ కంచాలు ఠంగుఠంగుమని పెడుతోంది. సాఫీగా పోతున్న ఆ రైలును చూస్తుంటే నాకు ఇంకా చిర్రెత్తుకొచ్చింది.

చివరికి ఘాటు మధ్యలో ఇంజినును వేలితో నొక్కిపెట్టాను.

"మావయ్యా, సక్రాలు జారతన్నాయి. బండి ఎక్కనంటంది."

కాసేపటికి మంచం కిర్రుమంది. మావయ్య జేబులో అగ్గిపెట్టె తడుముకుంటూ వచ్చారు.

"నాను సెప్పలేదేటి? నువ్వలా జరుగు బాబూ."

నేను జరిగి, కిరసనాయిలు గుడ్డ ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను.